3,995 మిల్లీమీటర్ల మైలేజీ

2012 వేసవిలో తెనాలిలో మా బాబాయి కారు కొనే ముందు లెక్కంతా ఒక శుభలేఖ వెనక వేశాడు. ఆ మే నెలలోనే పెట్రోలు ఒక్క రాత్రిలో లీటరుకు ఏడున్నర రూపాయలు పెరిగింది. ఢిల్లీలో పెట్రోలు రూ.73.18, డీజిల్ రూ.40.91. మన దగ్గర వ్యాట్ ఎక్కువ కాబట్టి బాబాయి ఉజ్జాయింపుగా ఎనభై, నలభై అయిదు అని రాసుకున్నాడు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతాననుకున్నాడు. పెట్రోలు బండి లీటరుకు 15 ఇస్తే 800 లీటర్లు, అరవై నాలుగు వేలు. డీజిల్ బండి 20 ఇస్తే 600 లీటర్లు, ఇరవై ఏడు వేలు. ఏడాదికి 37 వేలు మిగులు. డీజిల్ బండికి అదనంగా పెట్టే లక్ష మూడేళ్లు తిరక్కుండా వచ్చేస్తుంది. కింద రెండు గీతలు గీసి "గిట్టుబాటు" అని రాశాడు.

కూడికలు, హెచ్చవేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా వచ్చింది మొదట వేసుకున్న అంకెల్లో. పొలానికి, వారానికోసారి గుంటూరుకు తప్ప ఆ బండి కదల్లేదు. ఏడాదికి ఆరు వేలు కూడా తిరగలేదు. అది బాబాయి పొరపాటు. రెండోది ఆయనది కాదు. లీటరుకు ఆ 35 రూపాయల తేడా సర్కారు పెట్టింది. పెట్టిన సర్కారే తీసేసింది.

ఇంధనం ధర పెరిగితే జనం తక్కువ తాగే బండ్లు కొంటారన్నది అందరూ ఒప్పుకునే మాట. అందులో నిజం లేకపోలేదు. కానీ గత యాభై ఏళ్లలో వివిధ దేశాల్లో జరిగింది వరసగా చూస్తే, కొనేవాణ్ని కదిలించింది ధర ఎంత ఉందన్నది కాదు. ఒక ఇంధనానికీ మరో ఇంధనానికీ మధ్య తేడా, ఒక రకం బండికీ మరో రకం బండికీ మధ్య పన్నుల చట్టం గీసిన గీత, ఈ రెండే ఎక్కువ పని చేశాయి. గీత ఎక్కడ గీస్తే కంపెనీలూ కొనుగోలుదారులూ అక్కడికే చేరారు. ఆ గీతకు ఇంధన పొదుపుతో సంబంధం ఉంటే పొదుపు జరిగింది. లేకపోతే లేదు.

మన డీజిల్ కథే చూడండి. కిరీట్ పారిఖ్ కమిటీ సిఫారసు మీద 2010 జూన్‌లో పెట్రోలు ధరపై కేంద్రం నియంత్రణ ఎత్తేసింది. డీజిల్‌ను మాత్రం వదల్లేదు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, సేద్యపు పంపుసెట్లు అన్నీ డీజిల్ మీదే నడుస్తాయి కాబట్టి దాని ధర పెంచితే కూరగాయల ధరా పెరుగుతుందన్నది కారణం. ఆ కారణంలో న్యాయముంది. కానీ అదే బంకులో అదే గొట్టం నుంచి కారుకూ పోస్తారు కదా. పెట్రోలియం శాఖ కిందనున్న పీపీఏసీ చేయించిన సర్వే 2014 మొదట్లో బయటికొచ్చినప్పుడు తేలింది: దేశంలో అమ్ముడయ్యే డీజిల్‌లో 13 శాతం ప్రైవేటు కార్లకే పోతోంది. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. పెట్రోలులో 60 శాతానికి పైగా తాగేది ద్విచక్రవాహనాలు. అంటే బైకు మీద వెళ్లే గుమాస్తా పూర్తి ధర కట్టాడు, సెడాన్‌లో వెళ్లే ఆసామి రాయితీ తాగాడు. రైతు పేరు చెప్పి ఇచ్చిన రాయితీకి ఇదొక మెలిక.

ఆ తేడా ఉన్నన్నాళ్లూ డీజిల్ కార్లు వెల్లువెత్తాయి. 2012-13 నాటికి అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలే. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ ఇంజిన్ ఒక్కటే మారుతి స్విఫ్ట్‌లోనూ టాటా విస్టాలోనూ ఫియట్ పుంటోలోనూ ఉండేది. మోటారు పత్రికలు దానికి ముద్దుగా "జాతీయ ఇంజిన్" అని పేరు పెట్టాయి. 2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు యాభై పైసల చొప్పున పెంచడం మొదలైంది. 2014 అక్టోబరులో దాని మీదా నియంత్రణ పోయింది. తేడా కరిగినకొద్దీ డీజిల్ కారు వాటా కూడా కరిగింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటికి తగ్గట్టు డీజిల్ ఇంజిన్‌ను మార్చడం ఖరీదని మారుతి ఆ రోజుతో డీజిల్ కార్లే మానేసింది. ఆ జాతీయ ఇంజిన్ కథా అక్కడే ముగిసింది. అదే ఏడాది జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలును దాటింది. పన్నెండు పైసలే. ఆ పన్నెండు పైసలు చూసి శుభలేఖ వెనక లెక్క వేసుకున్నవాళ్లు ఎంతమంది నవ్వుకున్నారో, ఎంతమంది తిట్టుకున్నారో.

ఆ జూన్ ధరల్లోనే బాబాయి లెక్క తిరగ వేస్తే, రెండూ లీటరు 80 చొప్పున, ఏడాదికి మిగిలేది 16 వేలు. అది కూడా 12,000 కిలోమీటర్లు తిరిగినవాడికి. అదనంగా పెట్టిన లక్ష రావడానికి ఆరేళ్లు దాటుతుంది. బండి మారలేదు, మైలేజీ మారలేదు. బంకులో బోర్డు మీది రెండు అంకెలు దగ్గరికొచ్చాయి, అంతే.

ఇక గీత సంగతి. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కు దించారు. మరి చిన్న కారంటే ఏది? పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. ఇంజిన్ పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. ఈ నిర్వచనంలో మైలేజీ అన్న మాటే లేదు. లీటరుకు ఎంత ఇస్తుందని ఎవరూ అడగలేదు.

తర్వాత జరిగింది ఏ షోరూమ్‌లోనైనా టేపు పట్టుకుని కొలిచి చూడొచ్చు. మొదటి తరం స్విఫ్ట్ డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు. 2012లో వచ్చిన రెండో తరానిది 3,995. డిక్కీని వెనక నుంచి కోసేసినట్టుండే ఆ రూపం డిజైనర్ల ఊహ కాదు, ఆర్థికశాఖ ఊహ. ఇప్పుడు బ్రెజ్జా 3,995. నెక్సాన్ 3,995. వెన్యూ 3,995. సోనెట్ 3,995. నాలుగు వేర్వేరు కంపెనీల ఇంజినీర్లు మిల్లీమీటరు తేడా లేకుండా ఒకే పొడవు దగ్గర ఆగారంటే అది కాకతాళీయం కాదు కదా. పొడవు పెంచడానికి లేదు కాబట్టి ఎత్తు పెంచారు. బరువు పెరిగింది, గాలికి అడ్డం పెరిగింది. చిన్న కారును ప్రోత్సహించడానికి పెట్టిన గీత చివరికి చిన్న ఎస్‌యూవీని పుట్టించింది. 2023-24 నుంచి దేశంలో అమ్ముడవుతున్న ప్రయాణికుల వాహనాల్లో సగం ఎస్‌యూవీలే.

2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. కొద్ది వారాల్లోనే మహీంద్రా 1.99 లీటర్ల ఇంజిన్‌తో స్కార్పియో, ఎక్స్‌యూవీ500 తెచ్చింది. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. పొగ ఎంత వదులుతుందని కోర్టు అడగలేదు, ఇంజిన్ ఎంత పెద్దదని అడిగింది. అడిగినదానికి జవాబిచ్చారు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు సరళమయ్యాయి: చిన్న కారుకు 18 శాతం, విద్యుత్ కార్లు తప్ప మిగతావాటికి 40. సెస్సులు పోయాయి. మంచిదే. కానీ పాత గీత మాత్రం అక్కడే ఉంది. ఫలితం చూడండి. మారుతి గ్రాండ్ విటారా బలమైన హైబ్రిడ్‌కు పరీక్షలో లీటరుకు 27.97 కిలోమీటర్లు వచ్చాయి. దాని పొడవు 4,345 మిల్లీమీటర్లు, ఇంజిన్ 1,490 సీసీ. కాబట్టి 40 శాతం కట్టాలి. అందులో మూడింట రెండు వంతుల మైలేజీ ఇచ్చే 3,995 మిల్లీమీటర్ల, 1,200 సీసీ లోపు పెట్రోలు ఎస్‌యూవీకి 18 శాతం చాలు. తక్కువ తాగేదానికి ఎక్కువ పన్ను, ఎక్కువ తాగేదానికి తక్కువ పన్ను. హైబ్రిడ్‌ల విషయంలో కేంద్రం మనసు అంతకు ముందూ ఇలాగే ఊగింది. 2015లో మొదలైన ఫేమ్ పథకంలో సియాజ్, ఎర్టిగాల తేలికపాటి హైబ్రిడ్‌లకు రాయితీ ఇచ్చారు, రెండేళ్లకు తీసేశారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెద్ద హైబ్రిడ్‌ల మీద సెస్సుతో కలిపి 43 శాతం పడింది. 2024లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మాత్రం బలమైన హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. కొనేవాడు ఏ నమ్మకంతో కొనాలి?

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాకు 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపినప్పుడు మూడు డాలర్ల పీపా కొద్ది నెలల్లోనే పన్నెండుకు చేరువైంది. బంకుల ముందు క్యూలు కట్టినవాళ్లు జపాన్ చిన్న కార్ల వైపు చూశారు. 1975 చివర్లో ఆ దేశం ప్రతి కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీకి ఒక కనీస హద్దు పెట్టింది. 1978లో గ్యాలనుకు 18 మైళ్లు, 1985 నాటికి 27.5. కార్ల మైలేజీ నిజంగానే పెరిగింది. కానీ రైతులకూ వడ్రంగులకూ ఇబ్బంది కాకూడదని చిన్న ట్రక్కులకు విడిగా, వదులుగా ఇంకో హద్దు పెట్టారు. ఇక చూడాలి: మినీవ్యాన్లు, ఎస్‌యూవీలు అన్నీ కాగితం మీద ట్రక్కులైపోయాయి. పీటీ క్రూజర్ అనే బుల్లి బండిని క్రైస్లర్ ట్రక్కుగా నమోదు చేయించుకుంది. కంపెనీ ట్రక్కుల సగటు పెరగడానికి అది పనికొచ్చింది. మనది డీజిల్ రైతు, వాళ్లది ట్రక్కు రైతు. రెండు చోట్లా ఆయన పేరు మీద పట్టణవాసి బండి నడిపాడు.

అక్కడ ఫెడరల్ పెట్రోలు పన్ను గ్యాలనుకు 18.4 సెంట్లు; 1993 నుంచి కదల్లేదు. ధర చౌకగా ఉంచి మైలేజీ పెంచమని కంపెనీలను ఒత్తిడి చేయడం వాళ్ల పద్ధతి. 2008లో గ్యాలను నాలుగు డాలర్లు దాటినప్పుడు హమ్మర్ లాంటివి అమ్ముడుపోక ఆ బ్రాండే 2010లో మూతపడింది. ధర దిగగానే మళ్లీ పెద్ద బండ్లు. 2018లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో మస్టాంగ్ తప్ప మామూలు కార్లు దాదాపు అన్నీ ఆపేస్తానంది. 2025లోనైతే మైలేజీ హద్దు తప్పినందుకు వేసే జరిమానాను చట్టం సున్నా చేసింది, విద్యుత్ కార్లకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబరు 30తో ముగిసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఆ గడువులోపు బుక్ చేయాలని హడావుడి పడ్డారంటే, ధర చూసి కాదు, తేదీ చూసి.

యూరప్ డీజిల్‌పై పన్ను తక్కువ వేసి కార్బన్ డయాక్సైడ్ లెక్కలో డీజిల్ కార్లను నెత్తిన పెట్టుకుంది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ పరీక్షల మోసం బయటపడ్డాక దించేసింది. జపాన్ 660 సీసీ, 3.4 మీటర్ల 'కెయ్' కార్లకు దశాబ్దాలుగా రాయితీ ఇస్తూ ఉంది. గీతే అయినా తేలికపాటి బండ్ల గీత అది, పైగా ఎత్తేయకుండా నిలబెట్టారు; 1983 డిసెంబరులో మన రోడ్డెక్కిన మారుతి 800 ఆ వంశానిదే. నార్వే దారి మరొకటి. చమురు అమ్ముకుని బతికే దేశం, తన ఇంట్లో పెట్రోలు కార్ల మీద బరువైన పన్నులు వేసి విద్యుత్ కార్లకు ఏళ్ల తరబడి మినహాయింపులిచ్చింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్‌వే.

కొనేవాడు అసలు లెక్క వేస్తాడా అన్నది ఆర్థికవేత్తల పాత తగాదా. కాలిఫోర్నియాలో 57 కుటుంబాలతో కూర్చుని మాట్లాడిన పరిశోధకులు టరెంటైన్, కురానీ 2007లో చెప్పింది, కారు కొనేటప్పుడు ఇంధన ఖర్చును పద్ధతిగా లెక్క కట్టిన ఇల్లు ఒక్కటీ కనబడలేదని. బస్సె, నిటెల్, జెటెల్‌మేయర్ 2013లో పాత, కొత్త కార్ల అమ్మకపు ధరలు తిరగేసి, జనం భవిష్యత్తు ఖర్చును బాగానే లెక్కలోకి తీసుకుంటున్నారన్నారు. మరుసటి ఏడాది ఆల్కాట్, వోజ్నీ డాలరు ఇంధన ఖర్చును 76 సెంట్లుగా మాత్రమే చూస్తున్నారన్నారు. నన్నడిగితే మొదటివాళ్లు ఇళ్లలోకి వెళ్లారు, తర్వాతివాళ్లు మార్కెట్టుకు వెళ్లారు. రెండు చోట్లా కనబడేది వేరు. తెలుగు ఇళ్లలోకి వచ్చి ఉంటే వాళ్లకు శుభలేఖలు దొరికేవి.

ఆ లెక్కలోనూ మనల్ని మోసం చేసేది ఒకటుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని అడుగుతాం కానీ, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడగం. లారిక్, సోల్ 2008లో 'సైన్స్' పత్రికలో దీన్ని మైలేజీ భ్రమ అన్నారు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడు 20 ఇచ్చే బండి నుంచి 25 ఇచ్చేదానికి మారితే పది లీటర్లు మిగుల్తాయి. 10 ఇచ్చే బండి నుంచి 12 ఇచ్చేదానికి మారితే దాదాపు పదిహేడు లీటర్లు. అయిదు పెరిగినదానికంటే రెండు పెరిగినదానితోనే ఎక్కువ మిగిలింది. ఆల్టోను ఇంకా పిసకడం కంటే పెద్ద బండిని కాస్త సరిదిద్దితేనే దేశానికి లాభం.

మన రెండు రాష్ట్రాలకు వద్దాం. పెట్రోలు మీద తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, పైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజ్ తగ్గించి చాలా రాష్ట్రాలు వ్యాట్ తగ్గించినప్పుడు ఈ రెండూ కదల్లేదు. 2024, 2025లలో హైదరాబాద్‌లో లీటరు 107 పైన, విజయవాడలో 109 పైన నడిచింది. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ పది రూపాయలకు పైగా తక్కువ. కాకినాడ వైపు నుంచో కోనసీమ నుంచో యానాం మీదుగా పోయే బండి అక్కడి బంకులో ఆగి ట్యాంకు ఫుల్ చేయించుకోకుండా కదలదు. ధర జనాన్ని కదిలించదని కాదు; కదిలిస్తుంది. బంకు మార్పించింది. బండి మార్పించలేదు.

ఎందుకంటే నెల తిరిగేసరికి ఇంట్లో కనబడే అంకె ఈఎంఐ. తొమ్మిది శాతం వడ్డీ, ఏడేళ్ల అప్పు అనుకుంటే లక్షకు నెలకు సుమారు రూ.1,600. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌కు లక్ష ఎక్కువైతే పడేది అదే. నెలకు 800 కిలోమీటర్లు తిరిగేవాడు లీటరుకు 16 ఇచ్చే బండి బదులు 20 ఇచ్చేది కొంటే మిగిలేవి పది లీటర్లు, అంటే రూ.1,070. సన్‌రూఫ్‌కు సరే అని, మైలేజీ గురించి సేల్స్ కుర్రాణ్ని అరగంట నిలదీసేవాళ్లను నేను చూశాను. నేనూ వాళ్లలో ఒకణ్ని.

అంతర్జాతీయంగా చమురు పడిపోయినా ఆ చవక బంకు దాకా రాదన్నదీ జనానికి తెలిసిపోయింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి మధ్య కేంద్రం ఎక్సైజ్‌ను తొమ్మిది సార్లు పెంచింది. 2020 మేలో చమురు అడుగంటినప్పుడు ఒక్క దెబ్బలో పెట్రోలు మీద పది, డీజిల్ మీద పదమూడు రూపాయలు వేసింది. 2014-15 ఆర్థిక సర్వే దీన్ని కార్బన్ రాయితీ నుంచి కార్బన్ పన్నుకు ప్రయాణమని వర్ణించింది. మాట బాగుంది. కానీ ఖజానా కోసం వేసిన పన్ను ఎన్నికల ముందు తగ్గుతుంది, లోటు పెరిగితే పెరుగుతుంది. పదేళ్లు నడిపే బండిని ఎంచుకునేవాడికి అది ఏ సంకేతమూ ఇవ్వదు.

జనం ఎటు వెళ్తున్నారో సీఎన్‌జీ చెబుతోంది. 2024-25లో సీఎన్‌జీ కార్ల అమ్మకాలు డీజిల్ కార్లను దాటాయి. డిక్కీని సిలిండరు మింగేస్తుందన్న ఫిర్యాదుకు టాటా రెండు చిన్న సిలిండర్లతో 2023లో విరుగుడు కనిపెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, మళ్లీ కిరీట్ పారిఖ్ కమిటీ సిఫారసు మీదే, దేశీయ గ్యాస్ ధరకు కేంద్రం గరిష్ఠ హద్దు పెట్టింది. డీజిల్ నాటకమే కొత్త పాత్రతో నడుస్తోందా అన్న అనుమానం నాకుంది. ఆ హద్దు ఎత్తేసిన రోజున సీఎన్‌జీ కొన్నవాళ్లూ శుభలేఖలు వెతుక్కోవాలి.

ఇంకోవైపు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. చెరకు, మొక్కజొన్న రైతులకు, విదేశీ మారకానికి మేలే. కానీ దీనికోసం తయారు కాని పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే రాసింది. పాత పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. మైలేజీ చూసి బండి కొన్నవాడికి ఆ 6 శాతం ఎవరూ తిరిగివ్వరు, లీటరు ధరా తగ్గించలేదు. విధానం తప్పని అనను. బిల్లు ఎవరికి వేశారన్నది చెప్పకపోవడం తప్పు.

మనకూ అమెరికా తరహా సగటు హద్దు 2017-18 నుంచి ఉంది: కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 2022-23 నుంచి 113. బరువైన బండ్లు అమ్మే కంపెనీకి హద్దు సడలుతుంది. అక్కడే గుట్టంతా ఉంది. 2027 ఏప్రిల్ నుంచి మూడో దశ. దాని కోసం ఇంధన సామర్థ్య బ్యూరో 2025 సెప్టెంబరులో ఇచ్చిన ముసాయిదాలో 909 కిలోల లోపు పెట్రోలు కార్లకు ప్రత్యేక వెసులుబాటు కనిపించింది. చిన్న కార్లు ఎక్కువ అమ్మే మారుతి కావాలంది, టాటా, మహీంద్రా వద్దన్నాయి. 3,995 మిల్లీమీటర్ల తర్వాత 909 కిలోలు.

పన్నును పొడవు మీద, సీసీ మీద, బరువు మీద వేయడం మానేసి, వంద కిలోమీటర్లకు తాగే ఇంధనం మీద వేయాలి. 3.6 లీటర్లు తాగేదానికి ఇంత, 6 తాగేదానికి ఇంత అని మెట్లు లేకుండా జారుడుగా ఉండాలి. గీత లేకపోతే గీత కింద దూరేవాళ్లుండరు. ఆ రేటు కనీసం ఒక బండి ఆయుష్షు కాలం మారకూడదు. ఇవి రెండూ జరిగేదాకా మైలేజీ లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా అందులో సగం జూదమే.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. ఆ ఉత్తర్వులో గడువు 2026 డిసెంబరు 31.